గీత దాకా దిగని బండి

ఖాళీ బండి అబద్ధం చెబుతుందనేది ధర్మారావు సిద్ధాంతం. అమెరికాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో పాతికేళ్ళుగా యంత్రాల కొలతలు చూస్తున్న మనిషి కాబట్టి ఆయన దగ్గర ఇలాంటి సిద్ధాంతాలు బోలెడు. మనుషులెక్కి కూర్చున్నాక బండి ఎంత కిందికి దిగుతుందో అదే దాని అసలు ఎత్తు అనేవాడు. అది చూసుకోకుండా ఎత్తు తగ్గించడానికి ఖాళీ బండికి సస్పెన్షన్ దించినవాళ్ళు మొదటి ప్రయాణంలోనే చక్రం రేకుకి రాసుకుని, టైరు చిరిగి, రోడ్డు పక్కన తల పట్టుకుంటారట. చెప్పిందే చెబుతుంటే భార్య పద్మ వినడం ఎప్పుడో మానేసింది. కూతురు వేద మాత్రం వినేది.

అసలు ఆ వ్యాన్ కొన్నదే వేద కోసం. డెబ్బైల నాటి ఫోక్స్‌వాగన్ క్యాంపర్. లోపల చిన్న పొయ్యి, మడత విప్పితే మంచమయ్యే సీటు, చెక్క అలమర. పక్క ఊళ్ళో ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి పడివుంటే, అప్పుడు ఎనిమిదో క్లాసు చదువుతున్న వేద దాన్ని చూసి అక్కణ్ణుంచి కదలనంది. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ ప్లగ్గు పెట్టి చార్జ్ చేసుకునే కార్లు కొంటుంటే ధర్మారావు ఆ డొక్కు బండిని ట్రక్కు మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. "గుడి పార్కింగ్‌లోకి దీన్ని తెచ్చారంటే నేను లోపల్నుంచి దిగను," అని పద్మ ముందే చెప్పేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు తండ్రీకూతుళ్ళ శనివారాలన్నీ దాని కిందే గడిచాయి. నట్టూ బోల్టూ పేర్లన్నీ ఆ పిల్లకి ఇంగ్లీషులో వచ్చాయి, తిట్లన్నీ తెలుగులో వచ్చాయి.

ఒక్కటే చిక్కు. పాత ఓనరెవరో దానికి ఎత్తు టాపు బిగించాడు. గరాజ్ తలుపు కన్నా బండి నెత్తి రెండు వేళ్ళు ఎత్తు. క్యాంపర్ వ్యాన్లు ఇళ్ళ ముందు కనపడకూడదని ఆ కాలనీ వాళ్ళ రూలు. అందుకని లోపల పెట్టాలన్నప్పుడల్లా నాలుగు టైర్లలోనూ గాలి తీసి, మెల్లగా నెట్టి, మళ్ళీ గాలి కొట్టేవాళ్ళు. ఎదురింటివాళ్ళకి అదో వినోదం. సస్పెన్షన్ దించేస్తే ఈ పీడ పోతుందని వేదే అంది. "లో గా ఉంటే క్యూట్‌గా కూడా ఉంటది నాన్నా," అని కూడా అంది. ఈ రెండోదే అసలు కారణమని ధర్మారావుకు తెలుసు. పని పూర్తయితే, వేద కాలేజీలో సెకండియర్‌కి వెళ్ళేటప్పుడు ముగ్గురూ ఈ బండిలోనే ఆ కాలేజీ ఉన్న శాన్ డియేగో దాకా వెళ్ళాలని, దారిలో ఒక రాత్రి సముద్రం పక్కన ఆపుకుని పడుకోవాలని అనుకున్నారు.

ముందు భాగం పని డిసెంబరు సెలవుల్లో అయింది. ఈ బండికి మామూలు కార్లకున్నట్టు స్ప్రింగులుండవు. అడ్డంగా రెండు గొట్టాలు, వాటిలో ఉక్కు బద్దలు ఉంటాయి. బరువు పడితే ఆ బద్దలు మెలితిరుగుతాయి. ధర్మారావు ఆ గొట్టాలను మధ్యకు కోయించి, పళ్ళున్న అడ్జస్టర్ వెల్డింగ్ చేయించాడు. నట్టు వదులు చేసి ఒక పన్ను జరిపితే బండి ముక్కు కొంచెం కిందికి దిగుతుంది. ఇక ముందు సీట్లంటారా, అవి సరిగ్గా ముందు చక్రాల మీదే ఉంటాయి. ఎవరు కూర్చున్నా ఆ బరువు తిన్నగా ఆ చక్రం మీదే పడుతుంది. చక్రం పక్కన నేల మీద ఒక చెక్క బద్ద నిలబెట్టి, దానికి నీలం టేపు అంటించి, చక్రం మీది రేకు అంచు ఎక్కడికి వచ్చిందో అక్కడ గీత పెట్టారు. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒక గీత. వేద ఎక్కి కూర్చున్నాక దానికి దిగువన ఇంకో గీత. దిగి వచ్చాక వేద ఆ కింది గీత పక్కన, ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలతో, తన పేరు రాసుకుంది.

కాలేజీకి తిరిగి వెళ్ళాక వేద శనివారాలు ఉపవాసం మొదలుపెట్టింది. ఫోన్లో ఆ మాట విని పద్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమెరికాలో పుట్టిన పిల్ల, ఒకరు చెప్పకుండా వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటోంది మరి. తర్వాత సోమవారాలు శివుడికి, గురువారాలు సాయిబాబాకి, ఏకాదశులు విష్ణుమూర్తికి. దేవుళ్ళలో ఏ ఒక్కరినీ నొప్పించని భక్తి. మే నెలలో ఇంటికొచ్చిన వేదని గుడిలో చూసి రేణు ఆంటీ ముక్కున వేలేసుకుంది. "ఎంత సన్నబడ్డావే తల్లీ. ముఖంలో కళ చూడు. మా నిధీ ఉంది, వారానికోసారైనా దణ్ణం పెట్టుకోదు, పిజ్జాలు మాత్రం మానదు." ఆ నిధి పక్కనే నిలబడి ఫోను చూసుకుంటోంది. ఆ పూట ధర్మారావు కూడా మురిసిపోయాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ ఇంట్లో పిల్ల అడగలేదు, వ్రతభంగం చేసిన పాపం తనకెందుకని అమ్మ పెట్టలేదు.

ఎండలు ముదిరాయి. గరాజ్‌లోకి అడుగుపెడితే పెనం మీద కాలు పెట్టినట్టుండేది. వేద మాత్రం పొడుగు చేతుల హుడీ తొడుక్కుని వచ్చేది. "ఏసీలోంచి వచ్చా కదా నాన్నా, కోల్డ్‌గా ఉంది," అనేది. ఈ కాలం పిల్లల ఫ్యాషన్ కాబోలనుకున్నాడు. ఒకప్పుడు చిటికెలో విప్పే బోల్టు దగ్గర ఆ పిల్ల ఆగి, ఊపిరి తీసుకుని, స్పానర్ ఆయన చేతికిచ్చేది. కాలేజీ పిల్ల, చెయ్యి పని మరిచిపోయిందనుకున్నాడు. మనిషి నమ్మాలనుకుంటే కారణాలకు కొదవుండదు.

జూన్ ఆఖరుకి వెనక భాగం కూడా దిగింది. బండి గరాజ్ తలుపు కిందనుంచి టైర్లలో గాలి తీయకుండానే లోపలికి వచ్చింది. పద్మ కూడా బయటికొచ్చి చూసి, పర్వాలేదు, ఇప్పుడు కాస్త మర్యాదగా ఉందని ఒప్పుకుంది. ఇక ముందు భాగం కొలత మరోసారి సరిచూడటమే మిగిలింది. టైర్లలో గాలి సరిచేశాడు. చెక్క బద్ద తెచ్చి పాత చోటనే నిలబెట్టాడు. ఖాళీ గీత దగ్గర రేకు అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. "ఎక్కమ్మా," అన్నాడు వేదతో. వేద ఎక్కి తన సీట్లో కూర్చుంది.

రేకు దిగింది గానీ పేరు రాసిన గీత దాకా దిగలేదు. వేలెడు పైనే ఆగిపోయింది.

"ఒకసారి గట్టిగా ఊగు," అన్నాడు. వేద సీట్లో ఎగిరి కూర్చుంది. రేకు ఊగి మళ్ళీ అక్కడే ఆగింది. అది ఆగిన చోట ధర్మారావు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాడు. వేద కిటికీలోంచి తల వంచి ఆ బద్ద వైపు చూసింది. చూసి, తల లోపలికి తీసుకుంది.

"స్టక్ అయిందేమో నాన్నా," అంది. "గ్రీజ్ డ్రై అయిందేమో."

ధర్మారావు ఆ మాటే పట్టుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాలుగు రోజులు సాయంత్రాలన్నీ పాపం ఆ బండి మీద పడ్డాడు. చక్రం విప్పాడు, చక్రాన్ని పట్టివుంచే ఇనుప చేతులు విప్పాడు, పాత గ్రీజు గీకి కొత్తది పట్టించాడు, షాక్ అబ్జార్బర్ మార్చాడు. అన్నీ మళ్ళీ బిగించి శనివారం మధ్యాహ్నం చూస్తే ఖాళీ గీత ఎక్కడున్నది అక్కడే ఉంది. వేదని పిలిస్తే తలనొప్పిగా ఉందని, పడుకున్నానని మేడ మీదినుంచి చెప్పింది. సరే, మనిషి లేకపోతే బరువుకేం తక్కువని ఆయన గరాజ్ మూలకి చూశాడు. అక్కడ బియ్యం బస్తాలున్నాయి.

ఆ బస్తాలకూ ఒక కథ ఉంది. రెండేళ్ళ కిందట ఇండియా నుంచి బియ్యం ఎగుమతులు ఆపేశారని వార్త వచ్చినప్పుడు, ఇక్కడి తెలుగువాళ్ళంతా ఇండియన్ స్టోర్ల మీద పడ్డారు. పద్మ కూడా వెళ్ళి, క్యూలో ఇద్దరితో గొడవపడి, సోనా మసూరి తెచ్చింది. ఎగుమతులు మళ్ళీ మొదలైనా ఆవిడ భయం పోలేదు. ఇంట్లో ఎప్పుడూ అరడజను ఇరవై పౌండ్ల బస్తాలు, అంటే ఒక్కోటీ తొమ్మిది కిలోలవి, ఉండాల్సిందే. ఏం జరిగినా పిల్లకి అన్నం తక్కువ కాకూడదని ఆవిడ వాదన.

ధర్మారావు ఒక్కో బస్తా మోసుకొచ్చి వేద సీట్లో పేర్చాడు. ఆరోది పెట్టగానే రేకు మెల్లగా దిగి, పేరు రాసిన గీత మీద కూర్చుంది. బండికి ఏ రోగమూ లేదు. ఆయనకు ముందు సంతోషమే కలిగింది. పని చేసినవాడి సంతోషం అది. తర్వాత, మరి ఆ రోజు ఎందుకు దిగలేదు అనుకున్నాడు. ఒక బస్తా కిందికి దింపాడు. రేకు లేచింది గానీ, ఆ రోజు పెట్టిన పెన్సిలు గుర్తుకి ఇంకా కిందే ఉంది. రెండోదీ దింపాడు. ఇప్పుడు ఆ గుర్తును దాటి కొంచెం పైకి లేచింది.

ఆయన రెండో బస్తాను ఒళ్ళో పెట్టుకుని అలాగే సిమెంటు నేల మీద కూలబడ్డాడు. ఒక బస్తా, ఇంకో బస్తాలో సగం. అంత బియ్యం తన పిల్ల ఒంటిమీదనుంచి పోయింది. ఆరు నెలల్లో పోయింది, అందులో రెండు నెలలు తన కళ్ళ ముందే పోయింది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తను నాలుగు రోజులు గ్రీజులో వెతికాడు. హుడీ, చలి, చేతిలో నిలవని స్పానర్, తింటానని మేడ మీదికి తీసుకెళ్ళిన కంచాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ధర్మారావుకు భయం వేసింది. పిల్ల పోతుందని మొట్టమొదటిసారి భయం వేసింది.

పద్మ నమ్మలేదు. నమ్మడం ఆవిడ వల్ల కాలేదనాలి.

"బియ్యం బస్తాలతో తూచారా పిల్లని?" అంది. "దిష్టి తగలదూ?"

"పద్మా, అది తినట్లేదు."

"వ్రతం చేసుకునే పిల్ల ఎలా తింటుందండీ? పండ్లు తింటోంది, మజ్జిగ తాగుతోంది. నేను చేసినన్నేళ్ళూ ఏమైపోయాను?"

"నువ్వు మర్నాడు తినేదానివి. అది మర్నాడు ఇంకో దేవుణ్ణి వెతుక్కుంటోంది."

"దేవుణ్ణి అనకండి."

"దేవుణ్ణి అనట్లేదే. మనల్నంటున్నా."

పద్మ గొంతు పెరిగింది. గుడిలో అందరూ మెచ్చుకున్న పిల్లని పట్టుకుని రోగమంటారా అంది. మీ ఫ్యాక్టరీ కొలతలు ఇంట్లోకి తేవద్దంది. చివరికి, రేపు తన ఎదురుగా కూర్చోబెట్టి చూపించమంది. బండి దిగితే మాత్రం ఇక ఈ మాట ఎత్తకూడదని ఒట్టు వేయించుకుంది. మేడ మీద వేద గది తలుపు సన్నగా తెరిచి ఉందని ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

మర్నాడు ఆదివారం, తొలి ఏకాదశి. పద్మ తెల్లారే తలంటుకుని, పూజ చేసి, పేలాల పిండి కొట్టి దేవుడి ముందు పెట్టింది. పెళ్ళికి ముందునుంచీ ఆవిడ ఏకాదశి నాడు అన్నం ముట్టింది లేదు. ధర్మారావుకు షుగర్ కాబట్టి మినహాయింపు, ఆయనకు మాత్రం గిన్నెలో ఇంత పెరుగన్నం కలిపి మూతపెట్టింది.

పొద్దున పదింటికి ముగ్గురూ గరాజ్‌లోకి వచ్చారు. వేద అదే హుడీలో, కింద వదులుగా ఉన్న ట్రాక్ ప్యాంట్‌తో వచ్చింది. ముఖం కడిగిన గిన్నెలా తెల్లగా ఉంది. ఏమీ అడగలేదు. బండి దగ్గరికి మెల్లగా నడిచి, తలుపు పట్టుకుని ఒక్కో కాలూ పైకి ఎత్తి పెట్టి, సీట్లోకి ఎక్కింది. ధర్మారావు చెక్క బద్ద పక్కన గొంతుక్కూర్చున్నాడు. పద్మ ఆయన భుజం మీదినుంచి వంగి చూసింది.

రేకు దిగింది. పేరున్న గీత దాకా కాదు గానీ, ఆ రోజు కన్నా బాగా కిందికి, ఇంచుమించు సగం దాకా దిగింది.

"చూశారా?" అంది పద్మ. ఆవిడకు ఒక్కసారిగా ఊపిరొచ్చింది. "మీ బండికే మాయరోగం. నా తల్లి బాగానే ఉంది."

ఒక్క క్షణం ధర్మారావు కూడా అదే నమ్మాడు. జీవితంలో మొదటిసారి తన కొలత తప్పయినందుకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "దిగమ్మా," అన్నాడు. నవ్వుతూ చెయ్యి అందించాడు.

వేద ఆయన చెయ్యి పట్టుకుని కాలు కింద పెట్టబోయింది. కాలు బరువుగా జారింది. ఆయన పొదివి పట్టుకున్నాడు. హుడీ జేబులోంచి ఏదో జారి సిమెంటు మీద ఖంగుమని పడి, దొర్లి, పద్మ పాదం దగ్గర ఆగింది. చక్రం నట్టు విప్పే పెద్ద సాకెట్టు అది.

ధర్మారావు పిల్ల నడుము మీదున్న చెయ్యి తీయలేదు. హుడీ కింద ఆయన వేళ్ళకు ఎముకలు తగిలాయి. రెండో చెయ్యి ఆ జేబులో పెట్టి బయటికి తీశాడు. ఇంకో రెండు సాకెట్లు, ఒక చిన్న సుత్తి. అన్నీ తన టూల్ బాక్సులోవే. వంగి ట్రాక్ ప్యాంట్ అంచు పైకి లాగితే చీలమండలకు వ్యాయామం చేసేవాళ్ళు కట్టుకునే బరువు పట్టీలున్నాయి. వాటి పైన కాలు చూసి ఆయన అంచు కిందికి వదిలేశాడు.

"నాన్నా," అంది వేద. ఏడవలేదు. చాలా మామూలుగా, ఇద్దరూ కలిసి ఏదో పని మధ్యలో ఉన్నట్టు అంది. "ఇంకో పన్ను దించేయి. ఒక్కటి చాలు. అప్పుడు లైన్‌కి వచ్చేస్తది కదా."

ఆ పిల్లకి ఆ పని తనే నేర్పాడు. నట్టు వదులు చేసి, ఒక పన్ను జరిపి, బిగించడం. పావుగంట పని. గీత మీదికి రేకు వస్తుంది, పద్మ మనసు కుదుటపడుతుంది, ముగ్గురూ సముద్రం చూడటానికి వెళతారు. అలా చేసేసే తండ్రులు ఈ లోకంలో ఉంటారని, రెండు నెలలుగా తను చేస్తున్నదీ అదేనని ధర్మారావుకు ఆ క్షణాన తెలిసింది.

"బండిని దించను తల్లీ," అన్నాడు. "హాస్పిటల్‌కి పోదాం పద. ఇప్పుడే."

"ఇవాళ ఏకాదశి నాన్నా. రేపు వెళ్దాం. నేను సిక్ కాదు. ఐ యామ్ ఫైన్."

"రేపు సోమవారం," అన్నాడాయన.

వేద తల దించుకుంది. అప్పటిదాకా కాళ్ళ దగ్గరి సాకెట్టునే చూస్తున్న పద్మ చటుక్కున వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాడు ధర్మారావు. పిల్లని బండి మెట్టు మీద కూర్చోబెట్టి, ఆ పట్టీలు ఊడదీసి బియ్యం బస్తా మీద పెట్టాడు.

పద్మ తిరిగి వచ్చింది. చేతిలో ఆయన కోసం మూతపెట్టిన పెరుగన్నం గిన్నె ఉంది. నుదుట పొద్దుటి కుంకుమ చెమటకు కారుతోంది. పిల్ల ఎదురుగా నేల మీద చతికిలబడి, గిన్నెలో చెయ్యి పెట్టి, ముద్ద చేసి, అది తన నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది.

"అమ్మా, ఇవాళ..." అంది వేద.

"తెలుసే. నాకు తెలీదా ఇవాళేమిటో." పద్మ రెండో ముద్ద కూడా తింది. కన్నీళ్ళు, పెరుగు, అన్నీ గడ్డం మీదికి కారుతున్నాయి. "ఆ పాపమంతా నాకే రానీ. ఏ దేవుడైనా అడిగితే మా అమ్మ తినమందని చెప్పు. నన్ను అడగమను." మూడో ముద్ద కలిపి పిల్ల నోటి ముందు పట్టుకుంది. "నేనే చెడగొట్టానమ్మా. నేనే పదిమందికీ చెప్పుకున్నాను. ఒక్క ముద్ద. మీ అమ్మ కోసం."

వేద ఆ ముద్దని చూసింది. పామును చూసినట్టు చూసింది. పద్మ చెయ్యి వెనక్కి పోలేదు. చాలాసేపటికి ఆ పిల్ల నోరు తెరిచింది. పద్మ లోపల పెట్టింది. వేద నోరు మూసుకుంది.

ధర్మారావు రోజూ నడిపే కారు తీశాడు. తల్లీకూతుళ్ళను వెనక సీట్లో కూర్చోబెట్టి, గరాజ్ తలుపు వేయకుండానే బయల్దేరాడు. రోడ్డంతా ఎండ కాస్తోంది. పద్మ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది.

"మింగు తల్లీ," అంటోంది. "మింగమ్మా."

అద్దంలోంచి ఆయన చూస్తూనే ఉన్నాడు. బుగ్గలో ముద్ద ఉబ్బెత్తుగా అలాగే ఉంది. హాస్పిటల్ గేటు దాకా వేద గొంతు కదల్లేదు.